మన సహోదరుడు తప్పు చేసినపుడు

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతను మనవారు తరచుగా వాడుచుందురు. ఇంటిలోని తప్పు వీధికెక్కరాదనియు, ఎక్కినచో ఇల్లు నిలువదనియు దానికి తాత్పర్యము చెప్పుకొందురు. కాని ఆ కథను కొంచెము నిదానముగా తలచి చూడుడు. విభీషణుడు లంక గుట్టును మొట్టమొదటనే రాముని చెంతకు తీసికొనిపోలేదు. ముందుగా అన్నతోనే చెప్పెను. నిండుకొలువులో చెప్పెను. సీతను తిరిగి అప్పగింపుమని బ్రతిమాలెను. ఆ మాట విననివాడు రావణుడు. చెప్పినవానిని నిందించినవాడును రావణుడే. గుట్టు బయటపడుటచేత లంక చెడినదా, లేక చెప్పిన మాటను వినకపోవుటచేత చెడినదా? సామెత చెప్పువారు ఈ ప్రశ్నను సాధారణముగా వేసికొనరు.

ఈనాటి మన విషయము లంక కాదు, క్రైస్తవ సంఘము. ఒక సంఘములోని సభ్యుడు, అందులోను పెద్దరికము గలవాడు, తప్పు చేసినపుడు సంఘము ఏమి చేయవలెను? ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే పుట్టినది కాదు. కులసంఘములకును, మఠములకును, విద్యాలయములకును, తుదకు ఉమ్మడి కుటుంబములకును ఇది తప్పని ప్రశ్నయే. అయినను క్రైస్తవులు దీనిని రెండువేల యేండ్లుగా విడువక చర్చించుచున్నారు. కొన్ని పర్యాయములు చక్కగాను, కొన్ని పర్యాయములు మిక్కిలి అన్యాయముగాను జవాబు చెప్పుకొనిరి. ఆ అనుభవములో ఇతరులకును పనికివచ్చునది కొంత కలదని తలచి మేము ఈ విషయమును ఎత్తుకొంటిమి.

మత్తయి సువార్త 18వ అధ్యాయములో యేసు శిష్యులకు చెప్పిన క్రమమొకటి కలదు. సహోదరుడు నీయెడ తప్పు చేసినచో ముందు నీవొక్కడవే వెళ్లి, మూడవవాడు లేకుండ, అతనికి ఆ తప్పు చూపవలెను. అతడు వినినచో పని అంతటితో తీరినది. విననిచో ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవలెను. వారి మాటనుకూడ లెక్కచేయనిచో సంఘమునకు తెలుపవలెను. సంఘమును సైతము త్రోసిపుచ్చినచో అప్పుడతనిని బయటివానిగా, సుంకరిగా ఎంచవలెను.

ఇందలి వివేకమును మనము తక్కువగా ఎంచరాదు. మన ఊళ్లలో తగవు నడచు తీరు దీనికి సరిగా తలక్రిందులుగా నుండును. ముందు ఊరందరికి తెలియును. తరువాత బంధువులకు తెలియును. చిట్టచివరకు, ఎవరినిగూర్చి ఇంతగా చెప్పుకొనుచున్నారో ఆ మనిషి చెవిని పడును. అప్పటికి అతనికి పశ్చాత్తాపపడుటకు వ్యవధి లేదు, పరువు కాపాడుకొనుటకే పని సరిపోవును. పొలము గట్టు తగవు, తీర్చని చేబదులు, పెండ్లిలో సరిగా పలుకరింపలేదను అలుక, నోరుజారిన మాట - ఇట్టివానికి మత్తయి సువార్తలోని క్రమముకంటె మంచి మందు లేదు. తప్పు చేసినవాడు నలుగురిలో తలవంచుకొనవలసిన అగత్యము లేకయే సరిదిద్దుకొనగలడు. ఉద్దేశము మనిషిని పోగొట్టుకొనుట కాదు, తిరిగి దక్కించుకొనుట. సుంకరిగా ఎంచుడనుటలో కూడ ఒక విశేషమున్నది. ఈ సువార్తకు పేరు పెట్టబడిన మత్తయి సుంకము వసూలుచేయువాడే. యేసు అట్టివారితో కూర్చుండి భోజనము చేసెను. బయటివాడనగా పగవాడు కాదు.

అయితే ఈ క్రమమును ఉదాహరించువారిలో పలువురు ఆ అధ్యాయమును నడుమనుండి చదువుదురు. అధ్యాయము ప్రారంభమున యేసు ఒక చిన్నబిడ్డను పిలిచి అందరి మధ్యను నిలువబెట్టెను. అట్టి చిన్నవారిలో ఒకరికి కీడు కలిగించువాడు మెడకు తిరుగటిరాయి కట్టుకొని సముద్రములో మునుగుట మేలని మిక్కిలి కఠినముగా చెప్పెను. తరువాత, తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచి తప్పిపోయిన ఒక్కదానిని వెదకుచు పోయిన కాపరి కథ వచ్చును. ఆ తరువాతనే ఈ క్రమము. దాని వెనుక క్షమను గూర్చిన ఉపదేశము. అనగా బలహీనుని రక్షించుట ముందు, తప్పు చేసినవానికి తప్పు చూపుట నడుమ, క్షమ తరువాత. ఈ వరుస చెడినచో మందే విషమగును.

ఎట్లనగా, ‘నీవొక్కడవే వెళ్లి చెప్పుము’ అను మాట ఇద్దరు సమానులను ఉద్దేశించినది. ‘సహోదరుడు’ అను పదమే అందుకు సాక్షి. తప్పు చేసినవాడు సంఘకాపరియై, తప్పునకు గురియైనది అతని దయపై చదువుకొను పిల్లయైనచో? తప్పు చేసినవాడు కోశాధికారియై, అడుగవలసినవాడు అతనియొద్ద అప్పుపడినవాడైనచో? అట్టివారిని ఒంటరిగా పంపుట న్యాయమార్గమా, మరల పులినోటికి పంపుటయా? దావీదు ఊరియా భార్యను అపహరించి ఊరియాను చంపించినపుడు, నీవే రాజునొద్దకు పోయి నీ బాధ చెప్పుకొమ్మని బత్షెబతో ఎవరును అనలేదు. పోయినవాడు నాతాను ప్రవక్త. అన్యాయమునకు లోనైనవారి పక్షమున, అన్యాయమునకు లోనుగాని మరియొకడు, తన ప్రాణమునకు తెగించి పోయెను. ధనవంతుడు పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను లాగుకొనిన కథ చెప్పి, రాజు నోటనే తీర్పు పలికించెను.

ఇట్టిదే చరిత్రలో మరియొకటి. క్రీస్తుశకము 390వ సంవత్సరమున థెస్సలొనీక పట్టణములో ప్రజలు తిరుగబడి ఒక సేనాధిపతిని చంపిరి. థియొడోసియసు చక్రవర్తి కోపించి పట్టణ ప్రజలపై సేనను విడిచెను. ఏడువేలమంది మడిసిరని అర్ధశతాబ్దము తరువాత వ్రాసిన థియొడొరెటు చెప్పెను. మిలాను నగరపు బిషప్పు అంబ్రోసు చక్రవర్తిని దేవాలయ ద్వారముననే అడ్డగించెనని ప్రసిద్ధమైన కథ కలదు, చిత్రకారులు దానిని చిత్రించిరి. కాని అది తరువాతివారి వర్ణన. నిజముగా జరిగినది అంతకంటె మెచ్చదగినది. అంబ్రోసు తన చేతితోనే ఒక లేఖ వ్రాసి, చక్రవర్తి ఒక్కడే చదువుకొనునట్లు పంపెను. మీరు పశ్చాత్తాపపడువరకు మీ సమక్షమున ప్రభు సంస్కారమును నేను జరుపజాలనని అందులో తెలిపెను. ముందు రహస్యముగానే చెప్పెను, కాని విననిచో ఏమి కాగలదో దాచలేదు. చక్రవర్తి రాజచిహ్నములు విడిచి, ప్రజలలో నిలిచి, తన పాపము ఒప్పుకొనెను. ఏడువేలమందిని ఆ పశ్చాత్తాపము లేపజాలదను మాట నిజమే. అయినను తనపై తీర్పు చెప్పువాడొకడు భూమిమీద కలడని ఒక చక్రవర్తి తలవంచుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు.

ఇంతవరకు ఒక్క మనిషి తప్పును గూర్చి చెప్పుకొంటిమి. తప్పు చేయుచున్నది సంఘములోని మర్యాదస్థులందరును అయినచో? అది తప్పని ఎవరికిని తోచకున్నచో? దీనికి అమెరికాలోని క్వేకరుల చరిత్రకు మించిన పాఠము లేదు. మిత్రసమాజమని వారు తమకు పెట్టుకొనిన పేరు. జీతము తీసికొను గురువులు వారికి లేరు. నిశ్శబ్దముగా కూర్చుండి ప్రార్థింతురు. ఓట్లు లెక్కింపక, అందరి మనస్సు ఒకటియగువరకు వేచి నిర్ణయింతురు. యుద్ధము చేయరు, ప్రమాణము పలుకరు. ఇంత సాధువులైనవారు పెన్సిల్వేనియాలో బానిసలను కొనిరి, అమ్మిరి, వారసులకు పంచియిచ్చిరి.

1688లో జర్మన్‌టౌను అను పల్లెలోని నలుగురు, బానిసలను కొనుట అమ్ముట క్రైస్తవులకు తగునా అని ప్రశ్నించుచు ఒక కాగితము వ్రాసి సంతకము చేసిరి. అది నెలసరి సభకు పోయెను. విషయము మిక్కిలి బరువైనదని వారు త్రైమాసిక సభకు పంపిరి. అచ్చటివారు మాకును బరువైనదేయని వార్షిక సభకు పంపిరి. అచ్చట, ఇందుపై తీర్పు చెప్పుట ఇప్పుడు ఉచితము కాదని ప్రక్కన పెట్టిరి. ఆ కాగితము మరుగునపడి 1844 వరకు ఎవరికిని కనబడలేదు. దస్త్రము బల్లనుండి బల్లకు ప్రయాణము చేయుట మన కాలపు వింతయని ఎవరును అనుకొనరాదు.

తరువాత బెంజమిన్ లే అను ఒక విచిత్ర పురుషుడు వచ్చెను. నాలుగడుగుల చిల్లర ఎత్తు, గూని వీపు. బానిసల శ్రమతో పుట్టిన వస్తువేదియు ముట్టనివాడు. 1738లో వార్షిక సభకు పై అంగీ క్రింద సైనికుని వేషము వేసికొని, చేత ఒక గ్రంథము పట్టుకొని వచ్చెను. సభామధ్యమున లేచి, తోడి మానవుని దాసునిగా ఉంచుకొనువారిని నిందించి, కత్తితో ఆ గ్రంథమును పొడిచెను. గ్రంథములో దాచిన తిత్తి పగిలి, ఎఱ్ఱని పండ్లరసము నెత్తురువలె చుట్టునున్నవారిపై చిందెను. సభ చేసిన పని ఏమి? బానిసలను ఉంచుకొనిన వారిని కాదు, బెంజమిన్ లేను సమాజమునుండి తొలగించెను. తప్పు చేసినవానికంటె, తప్పును పలికినవాడే సభకు ఎక్కువ ఇబ్బందిగా కనబడుట అన్ని దేశములలోను, అన్ని మతములలోను ఉన్న జబ్బు. సభాశాంతి అను మాటను మనము కొంచెము అనుమానముతో వినవలెను.

ఇక జాన్ వూల్మన్. 1720లో న్యూజెర్సీలో పుట్టినవాడు. దర్జీపని, చిన్న వ్యాపారము. యౌవనములో ఒక అంగడిలో గుమాస్తాగా నుండగా, యజమాని తన నీగ్రో దాసిని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమని ఇతనికి చెప్పెను. కొనువాడును క్వేకరుడే, పైగా వృద్ధుడు. వూల్మన్ వ్రాసెను గాని, మనస్సు నొచ్చి, ఇది క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమని నా నమ్మకమని వారిద్దరి యెదుటనే చెప్పెను. ఆ తరువాత బానిసలను వారసులకు వ్రాసియిచ్చు వీలునామాలను వ్రాయుటకు నిరాకరించెను. 1746నుండి దక్షిణపు వలసలలో తిరిగి, బానిసలు గల క్వేకరుల యిండ్లకు పోయి, ఒక్కొక్కరితో, సౌమ్యముగా, ముఖాముఖిగా మాటలాడెను. ఆతిథ్యము ఊరక పుచ్చుకొనలేదు. తనకు సేవచేసిన బానిసల శ్రమకు వెల చెల్లించెను. ఇంటివారికి అది ఎంత ఇబ్బందిగా నుండెనో మనము ఊహింపవచ్చును. అతిథి అన్నము తిని డబ్బు బల్లపై పెట్టినచో మన యిండ్లలో ఏమగునో చెప్పనేల!

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభలో ఈ ప్రశ్న మరల వచ్చినపుడు, ఇంక ఆలస్యము చేయరాదని వూల్మన్ పలికెను. బానిసలను కొనువారిని, అమ్మువారిని సమాజ వ్యవహార సభలనుండి దూరముగా ఉంచవలెననియు, బానిసలు గలవారి యిండ్లకు ఒక చిన్న బృందము పోయి వారికి నచ్చజెప్పవలెననియు సభ నిర్ణయించెను. ఆ బృందములో వూల్మన్ ఒకడు. ఇల్లిల్లు తిరిగిరి, ఏండ్లతరబడి తిరిగిరి. 1774లో క్రయవిక్రయములు చేయువారికి సభ్యత్వము పోవునని, 1776లో బానిసలను ఉంచుకొనువారికే సభ్యత్వము లేదని తీర్మానమయ్యెను. వూల్మన్ అది చూడలేదు. 1772లోనే ఇంగ్లండులో మశూచికముతో మరణించెను. 1758 వార్త విని బెంజమిన్ లే మరుసటి యేడు కన్నుమూసెను. ఆయన సమాధిస్థలమున గుర్తురాయి పెట్టినది 2018లో.

వూల్మన్ పద్ధతిని మెచ్చుకొననివారు లేరు. మేమును మెచ్చుకొందుము. కసరక, సిగ్గుపరుపక, ఒక సమాజము మనస్సును మార్చెను. కాని 1688నుండి 1776 వరకు 88 సంవత్సరములు. ఆ ఓపికకు వెల చెల్లించినవారెవరు? ఇంటిలో కూర్చుండి నెమ్మదిగా ఆలోచించుకొనిన యజమానులు కాదు. ఆ నడుమ పుట్టి, అమ్ముడుపోయి, తల్లికి దూరమై, చచ్చిన బానిసలు. వారిని ఆ సభలలో ఎవరును మాటలాడనీయలేదు. తప్పు చేసినవానికి వ్యవధి నిచ్చునపుడు, ఆ వ్యవధిని ఎవరి ఒంటినుండి కోసి యిచ్చుచున్నామో సంఘము లెక్క చూచుకొనవలెను. మనకు లభించిన పాఠములన్నిటిలో ఇది ముఖ్యమైనదని మా అభిప్రాయము.

ఇంతకంటె దుఃఖకరమైన పాఠము మన కాలములోనే జరిగినది. మెన్నొనైటులు అను శాంతివాదుల శాఖ 16వ శతాబ్దమున ఐరోపాలో పుట్టినది. మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో నెలకొనిన మెన్నొనైటు బ్రదరెన్ సంఘము ఆ వృక్షములోని వేరొక కొమ్మయే. అమెరికా మెన్నొనైటులలో జాన్ హోవార్డ్ యోడర్ అను వేదాంత పండితుడుండెను. యేసు బోధలోని రాజకీయార్థమును గూర్చి 1972లో ప్రచురించిన గ్రంథముతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యెను. సంఘములో తప్పును ఎట్లు సరిదిద్దవలెనను విషయముపై, మనము పైని చెప్పుకొనిన మత్తయి సువార్త అధ్యాయమునే ఆధారముగా గొని 1967లో ఒక వ్యాసము వ్రాసెను. పలువురు దానిని ప్రమాణముగా గైకొనిరి.

ఈ పండితుడే విద్యార్థినులపట్లను, ఇతర స్త్రీలపట్లను ఏండ్లతరబడి లైంగిక దౌర్జన్యము చేసెను. ఇండియానాలో ఆయన బోధించుచుండిన వేదాంత విద్యాలయమునకు ఫిర్యాదులు చేరెను. అధ్యక్షుడు ఆయనతో ఉత్తరములు నడపెను, సంఘములు నియమించెను, అంతయు గోప్యముగా. ఫిర్యాదు చేసిన స్త్రీలు, మత్తయి సువార్తలో చెప్పినట్లు, తన యెదుటికి వచ్చి చెప్పవలెనని యోడర్ పట్టుబట్టుచుండెను. శాస్త్రము తెలిసినవాడు శాస్త్రముతోనే తలుపు మూసెను. 1984లో ఆయన ఆ విద్యాలయము వదలిపోయినపుడు కారణము లోకమునకు తెలుపలేదు. మరియొక విశ్వవిద్యాలయములో బోధించుచునే యుండెను. 1992లో ఎనమండుగురు స్త్రీలు కలసికట్టుగా సంఘపెద్దలయెదుట నిలిచి చెప్పినపుడు, స్థానిక వార్తాపత్రిక ఆ సంగతి ప్రకటించినపుడు మాత్రమే క్రమశిక్షణ మొదలయ్యెను. గురుత్వపు అర్హతను నిలిపివేసి నాలుగేండ్లు విచారణ జరిపి, 1996లో ముగించిరి. 1997 డిసెంబరులో ఆయన మరణించెను. 2015లో ఒక చరిత్రకారిణి పరిశోధన ప్రకటించువరకు, దౌర్జన్యమునకు గురియైనవారు నూరుమందికి పైగా నుందురని లోకమునకు స్పష్టముగా తెలియలేదు. ఆ యేడు మార్చిలో విద్యాలయము ప్రత్యేక ఆరాధన జరిపి, ఆ స్త్రీల యెదుట తన లోపమును ఒప్పుకొనెను.

నాలుగేండ్ల విచారణ యోడరును తిరిగి సంఘములోనికి తెచ్చుటకే ముఖ్యముగా నడచినది. స్త్రీలకు ఏమి జరిగెను, వారికి ఏమి చేయవలెనను ప్రశ్న వెనుకబడెను. క్షమ అను మాట ముందుకు వచ్చి కూర్చుండెను, చిన్నబిడ్డను నిలువబెట్టిన మాట మరుగయ్యెను. ఇట్టిదే లెక్కకు మించిన పరిమాణములో రోమను కాథలిక్కు సంఘములో జరిగినట్లు 2002నుండి వరుసగా వెలువడిన విచారణలు చూపినవి. అట్టి వ్యవహారములపై విధించిన రహస్య నిబంధనను ఫ్రాన్సిసు పోపు 2019 డిసెంబరులో తొలగించెను. ప్రొటెస్టెంటు శాఖలు తమకు అంటలేదని చేతులు దులుపుకొనుటకు వీలులేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. విశ్వాసులు ఒకరిపైనొకరు అవిశ్వాసుల న్యాయస్థానమునకు పోరాదని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా, పోలీసులకు చెప్పుట ఎట్లు తగునని అడుగుదురు. ఆ పత్రికలో పౌలు గద్దించినది ఈ లోకపు స్వల్పవ్యవహారములకై ఒకరిపైనొకరు వ్యాజ్యెము వేసికొనుటను. నేరమును దాచుమని ఆయన ఎన్నడును చెప్పలేదు. తనకే ప్రాణాపాయము కలిగినపుడు చక్రవర్తి న్యాయపీఠమును ఆశ్రయించెను. కీడు చేయువానిని శిక్షించుటకే పాలకులు నియమింపబడిరని రోమీయులకు వ్రాసెను. మన దేశములో 2012నాటి చట్టము, అనగా లైంగిక నేరములనుండి బాలలను రక్షించు చట్టము, 19వ విభాగములో ఈ విషయము తేటగా చెప్పుచున్నది. బాలబాలికలపై అట్టి నేరము జరిగినట్లు ఎరిగిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలెను. సంఘకాపరికి మినహాయింపు లేదు. తెలుపకుండుటయే నేరము, సంస్థ బాధ్యుడు తన క్రిందివాని నేరమును దాచినచో ఒక సంవత్సరము వరకు చెరసాల. కనుక పిల్లల విషయములో ‘ముందు మనలో మనము మాటలాడుకొందము’ అను మెట్టు లేదు. బిడ్డను సురక్షితమైన చోటికి చేర్చుట, చట్టమునకు తెలుపుట, ఆ తరువాతనే సంఘసభ.

వెలివేయుటను గూర్చియు ఒక మాట. 1693లో స్విట్జర్లండులో, వెలివేయబడినవానితో పంక్తిభోజనము తగునా అను వాదముపై యాకొబ్ అమ్మన్ అనుచరులు తోడివారినుండి విడిపోయిరి. నేటి ఆమిషులు ఆ శాఖవారే. మనకు వెలి అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. నిప్పు నీరు ఇయ్యకుండుట, చాకలిని మంగలిని మాన్పుట, బావి వద్ద పలుకరింపకుండుట. మన పల్లెలలోని సంఘములు పెక్కుచోట్ల ఒకే పేటలోని చుట్టరికముతో అల్లుకొనియున్నవి. సంఘపెద్ద ఒకరికి మేనమామ, మరియొకరికి వియ్యంకుడు. అందుచేత రెండు కష్టములు. అతని తప్పు చెప్పుటకు నోరు రాదు. చెప్పితిమా, శిక్ష అతని భార్యకును, పెండ్లికెదిగిన కుమార్తెకును తగులును. ప్రభుబల్లనుండి ఒకనిని కొంతకాలము నిలుపుట సంఘమునకు ఉన్న అధికారమే. వాని యింటికి నీళ్లు మాన్పుట సంఘము పని కాదు, అది పాత ఊరి పగ క్రొత్త పేరుతో వచ్చుట.

చుట్టరికము అడ్డువచ్చుచోట పొరుగూరి సంఘమునుండి ఇద్దరిని, వారిలో ఒక స్త్రీని, విచారణకు పిలుచుట మేలు. పెద్దలపై నింద వచ్చినపుడు ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెనని తిమోతికి వ్రాసిన పత్రికలో కలదు, దానిని అందరును ఉదాహరింతురు. తప్పు స్థిరపడినచో అట్టి పెద్దను అందరి యెదుటనే గద్దింపవలెనని దాని వెంటనే యున్న మాటను తక్కువమంది చదువుదురు. సాక్షులు కావలెననుట నింద వినకుండ పంపివేయుటకు కాదు, వినుటకు విచారించుటకు. సొమ్ము విషయములోనైతే తప్పు జరుగకముందే చేయవలసిన పని సుళువు. యెరూషలేములోని పేదలకై పోగుచేసిన చందాను పౌలు తానొక్కడే మోసికొనిపోలేదు. తీతుతోపాటు సంఘములు ఏర్పరచిన సహోదరులను జతచేసెను, ఎవరును వేలెత్తి చూపకుండుటకు. ఆదివారపు కానుకల సంచిని ఇద్దరు కలసి లెక్కించి, మొత్తమును ఆరాధన చివర చదివినచో, పది సంవత్సరముల తరువాత న్యాయస్థానమునకు పోవు కేసులు కొన్ని పుట్టనే పుట్టవు. మంచి కోశాధికారికి ఇది అవమానము కాదు, కవచము.

ఇంతయు జరిగిన పిమ్మట తప్పు చేసినవాడు నిజముగా మనస్సు మార్చుకొని వచ్చినచో? కొరింథులో ఒకనిని సంఘము శిక్షించినప్పుడు, అతడు దుఃఖములో మునిగిపోకుండునట్లు ఇక క్షమించి ఆదరింపుడని పౌలు రెండవ పత్రికలో వ్రాసెను. ఆ మాటను గట్టిగా పట్టుకొనవలసినదే. కాని క్షమించుట దెబ్బతిన్నవారి చేతిలోనిది. ఫలానా ఆదివారము లోపల క్షమింపవలెనని వారికి గడువు పెట్టుటకు ఏ కార్యవర్గమునకును అధికారము లేదు. క్షమ వేరు, పదవి వేరు. సుంకరియైన జక్కయ్య అన్యాయముగా తీసినదానిని నాలుగంతలు తిరిగి యిత్తునని తానే చెప్పెను. మాఫీ చేయుడని అడుగలేదు. కానుకలు వాడుకొనిన కోశాధికారి ఆ సొమ్ము తిరిగి చెల్లించి, ఒప్పుకొని, ప్రభుబల్లకు మరల రావచ్చును. అతనిని చేయిపట్టి లోనికి తీసికొనిరావలసినది సంఘమే. అతనితో కలసి పాడవలెను, అతని యింట విందు జరిగినచో పోవలెను. పెట్టె తాళముచెవి మాత్రము వేరొకరి చేతిలో నుండవలెను. పిల్లలకు కీడు చేసినవాడైనచో, చెర తీరి వచ్చిన తరువాత సైతము, ఆదివార బడి గదిలో అతనికి చోటు లేదు. ఆరాధనలో అతని ప్రక్కన ఎవరు కూర్చుందురో, ఏ వాకిట వచ్చి ఏ వాకిట పోవునో, పెద్దలు ముందుగా కాగితముపై వ్రాసికొని, ఆ పిల్లల తలిదండ్రులకు చదివి వినిపింపవలెను. వారు వలదనినచో అతని ఆరాధనకు వేరొక చోటు చూడవలెను.